పొటాషియం డాక్టరమ్మ

"మాస్టారూ, మీ దగ్గర పొటాషియం ఉందా?"

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మాటకి భానుమూర్తి చేతిలోని గాజు గొట్టం జారి నేలమీద భళ్ళున పగిలింది.

వేసవి సెలవులు. నూజివీడు హైస్కూల్లో అతను తప్ప పురుగు లేదు. సైన్సు మాస్టారు కాబట్టి సెలవుల్లో ల్యాబ్ దుమ్ము దులిపే పని అతని నెత్తిన పడింది. పొటాషియం అన్న మాట ఊళ్ళో జనానికి ఒకే ఒక్క సందర్భంలో తెలుసు. కంసాలి కొట్లో ఉండే సైనైడు. జీవితం మీద విరక్తి పుట్టినవాళ్ళు వెతుక్కునే వస్తువు.

భానుమూర్తి ఆ అమ్మాయిని పరీక్షగా చూశాడు. నిద్రలేక ఎర్రబడిన కళ్ళు. నలిగిపోయిన నేతచీర. చెదిరిన జుట్టు. సందేహం లేదనుకున్నాడు. బీరువాకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"ముందు కూర్చోండి."

"కూర్చునే టైం లేదండీ. ఉందా, లేదా?"

"లేదు. ఉన్నా ఇవ్వను. చూడండీ, మీకేం కష్టం వచ్చిందో నాకు తెలీదు. అత్తగారితో తగువా, పరీక్ష తప్పారా, ఏదైనా కానివ్వండి. దేనికైనా ఓ దారుంటుంది. అయినా ఇది మామిడి రసాల కాలం. రసాల కాలంలో చావాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా అండీ?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. తర్వాత పెదవి చివర నవ్వు కదిలింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"అయితే ఎప్పుడు చావమంటారు?"

"అసలు వద్దంటున్నాను. మరీ పట్టుదలగా ఉంటే కాయలన్నీ అయిపోయాక, ఆషాఢంలో తీరిగ్గా ఆలోచించుకోండి. అప్పటికి మనసు మారుతుంది."

"ఉపన్యాసం బావుంది మాస్టారూ. కానీ నాక్కావలసింది సైనైడు కాదు, పొటాషియం క్లోరైడ్. నేను ఆడవాళ్ళ ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టర్ని. జ్ఞానప్రసూనాంబ అంటారు. చావడానికి రాలేదు, చావబోతున్న మనిషిని ఆపడానికి వచ్చాను."

భానుమూర్తి చెవులు రెండూ ఎర్రబడ్డాయి. పగిలిన గాజు ముక్కలు ఏరే నెపంతో వంగి కాసేపు పైకి లేవలేదు.

"హెడ్మాస్టరుగారి పర్మిషన్ కావాలండీ," అన్నాడు నేల చూస్తూనే. "ఆయన కాకినాడ వెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

"స్కూలు తెరిచాక."

"సరే. స్కూలు తెరిచేదాకా ప్రాణం ఉగ్గబట్టుకోమని అక్కడ మంచం మీదున్న సత్యవతితో చెప్తాను." లేచి నిలబడింది.

భానుమూర్తి తలెత్తాడు. ఆమె కళ్ళల్లో ఇప్పుడు నవ్వు లేదు. అతను లేచి బీరువా తాళం తీశాడు. వెనక వరసలో మూత కూడా తియ్యని సీసా ఒకటుంది. మందుకి పనికొచ్చేంత ప్యూర్ అని చీటీ మీదే రాసుంది.

"తీసుకోండి. కానీ స్టాకుకి నేను జవాబుదారీ. సీసా ఎక్కడుంటే నేనూ అక్కడే."

"బయట సవరయ్య జట్కా ఉంది. సీసాతో సహా ఎక్కండి."

*

జట్కా ఎర్రమట్టి రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. ఎదురుగా మామిడికాయల బండ్లు బారులు తీరి వస్తున్నాయి. వాటిమీద కప్పిన వరిగడ్డి వాసన, పండుతున్న కాయల వాసన కలిసి గాలంతా తియ్యగా ఉంది. ఆ తీపిలో కూర్చుని ఆమె చెప్పిన సంగతి మాత్రం చేదుగా ఉంది.

రెడ్డిగూడెం తోటల్లో కాయ కోతకి వచ్చిన కూలీలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మగవాళ్ళు పక్క ఆస్పత్రిలో ఉన్నారు. ఆడవాళ్ళు ముగ్గురు తన దగ్గరున్నారు. సెలైన్ ఎక్కించింది. విరేచనాలు కట్టాయి, ప్రాణం నిలబడింది. కానీ ఆ తర్వాతే కాళ్ళూ చేతులూ చచ్చుపడిపోతున్నాయి. సత్యవతి అనే మనిషికైతే మెడ కూడా నిలవడం లేదు.

"ఒంట్లోంచి నీళ్ళతోపాటు ఉప్పు ఒక్కటే పోదండీ. పొటాషియం కూడా పోతుంది. సెలైన్‌లో నీళ్ళూ ఉప్పూ తిరిగిచ్చాం. ఇది ఇవ్వలేదు. ఇది తగ్గితే కండరాలు మాట వినవు. గుండె కూడా కండరమేగా?"

"రక్తంలో ఎంతుందో టెస్ట్ చెయ్యలేరా?"

"మెడ్రాసులో చేస్తారేమో. ఇక్కడ నా దగ్గర ఓ రబ్బరు సుత్తి, ఓ మెడికల్ జర్నలూ ఉన్నాయి. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరాలి. సత్యవతి కాలు ఎగరడం లేదు. పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, పక్షవాతం, ఇంటికి పంపించెయ్ అన్నారు. నేను కాదన్నాను. మెడ్రాసులో నాలుగు పుస్తకాలు చదివితే సరిపోదమ్మా అని నవ్వి వెళ్ళిపోయారు."

"మరి ఈ మందు కాస్త ఎక్కువైతే?"

"ఎక్కువైనా గుండె ఆగుతుంది."

భానుమూర్తి ఒళ్ళోని సీసాని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"భయమేస్తోందా?" అంది ఆమె.

"లేదండీ. కుదుపులకి పగుల్తుందేమోనని."

"నాకు భయమేస్తోంది," అంది ఆమె బయటికి చూస్తూ. ఆ ఒక్క మాటతో భానుమూర్తి సీసా సంగతి మరిచిపోయి ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు.

*

సత్యవతికి పాతికేళ్ళుంటాయి. మంచం మీద, ఎవరో పడేసిన బట్టలా ఉంది. మొహం మీద వాలుతున్న ఈగల్ని మొగుడు చిన్నయ్య తాటాకు విసనకర్రతో తోలుతున్నాడు.

"డాక్టరమ్మగారూ, మా ఆడది గంప నెత్తినెట్టుకుంటే ఇద్దరు మగాళ్ళు ఎనకబడేవోళ్ళండీ," అన్నాడు. "ఇప్పుడు ఈగని కూడా తోలుకోలేకపోతంది. గాలి సోకిందంటన్నారు. నిజమేనా అమ్మా?"

"గాలీ లేదు, ధూళీ లేదు చిన్నయ్యా. ఒంట్లో ఓ రకం ఉప్పు తగ్గింది. మూత్రం సరిగ్గా వస్తోందా?"

"వస్తందండీ."

"అదే కావాలి." ఆమె భానుమూర్తి వైపు తిరిగింది. "మూత్రపిండాలు పనిచేస్తేనే ఈ మందు ఇవ్వాలి. ఎక్కువైంది ఏమన్నా ఉంటే బయటికి పోవాలిగా. ఇప్పుడు బరువు కావాలి. బరువుని బట్టే లెక్క. ఆస్పత్రిలో పసిపిల్లల త్రాసు తప్ప ఏమీ లేదు."

భానుమూర్తి కిటికీలోంచి చూశాడు. రోడ్డుకి అవతల శ్రీమన్నారాయణగారి మామిడి యార్డులో కాయల గంపలు కాటా ఎక్కుతున్నాయి.

కాసేపట్లో సత్యవతి మంచంతో సహా రోడ్డు దాటింది. హమాలీలు పక్కకి జరిగారు. పెద్ద గంపలో మెత్తగా గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, పసిబిడ్డని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. అటు పళ్ళెంలో తూకపు రాళ్ళు వేస్తుంటే సత్యవతి పెదాలు కదిలాయి. డాక్టరమ్మ చెవి దగ్గర పెట్టింది.

"ఏమంటోంది?" అన్నాడు భానుమూర్తి.

"కాయలతోపాటు తననీ రైలెక్కించి కలకత్తా పంపుతారా అంటోంది."

యార్డంతా నవ్వింది. చిన్నయ్య మాత్రం నవ్వుతూ నవ్వుతూ తలగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు.

"కాయలకి తీసినట్టు తూకంలో తరుగు తియ్యకండి శ్రీమన్నారాయణగారూ," అంది డాక్టరమ్మ.

"రామ రామ! ఆడకూతురికి తరుగేంటమ్మా. గంప బరువు మాత్రం తీసేస్తాను." ఆయన దగ్గరుండి మళ్ళీ తూయించాడు. మూడు మణుగుల మీద రెండు వీశెలు, అంటే దాదాపు ముప్ఫై ఏడు కిలోలు.

*

"ఇద్దరం విడివిడిగా లెక్క వేద్దాం," అంది ఆమె. "నాది మీరు చూడకూడదు, మీది నేను చూడకూడదు. రెండూ కలిస్తేనే మందు కలుపుతాను."

ఆస్పత్రి వరండాలో ఒకే బల్ల ఉంది. దాని మీద అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు కూర్చున్నారు. వీశెల్ని పౌన్లు చేసి, పౌన్లని కిలోలు చేసి, జర్నల్లో ఉన్న అంకెతో హెచ్చవేసి, గ్రాముల్లోకి తెచ్చారు. మధ్యలో ఆమె జడ ఒకసారి అతని వీపుకి తగిలింది. భానుమూర్తి ఆ మెట్టు లెక్క మళ్ళీ మొదటినుంచీ వేసుకోవలసి వచ్చింది.

"అయిందా?"

"అయింది."

ఇద్దరూ కాగితాలు మార్చుకున్నారు. ఇద్దరి మొహాలూ ఒక్కసారే మారాయి. రోజుకి మూడు గ్రాములని ఆమె లెక్క. దానికి దాదాపు రెట్టింపు అతని లెక్క.

"మీరు మనిషిని చంపేసేలా ఉన్నారు మాస్టారూ!"

"లెక్క తప్పయితే చూపించండి. మీ కాగితంలోనే ఒక మెట్టు లేదు. సీసాలో ఉన్నది వట్టి పొటాషియం కాదండీ, పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం సగం కంటే కాస్త ఎక్కువ, మిగతాది క్లోరిన్. జర్నల్ చెప్పింది పొటాషియం ఇంత అని. అంతే ఇవ్వాలంటే పొడి రెట్టింపు వెయ్యాలి."

"జర్నల్ చెప్పింది పొడి సంగతేమో! ఆ అంకె పక్కన ఉప్పనీ లేదు, పొటాషియమనీ లేదు."

"పొటాషియమనే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది అన్న మాట మీద మనిషికి మందు పొయ్యలేనండీ."

"భయపడి సగమే పోస్తే అది మందెలా అవుతుంది?"

మాట అనేశాక భానుమూర్తికి తెలిసింది, తన గొంతు ఎంత పెరిగిందో. క్రితం రోజు పెద్ద డాక్టరుగారితో పడ్డ మాట ఆమె మొహంలో ఇంకా ఆరలేదు. ఇప్పుడు దాని మీద తనది.

ఆమె కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ కెమిస్ట్రీలో తప్పు కనపడటం లేదు," అంది చివరికి. "అయినా తక్కువతోనే మొదలుపెడతాను. తక్కువైతే రేపు పెంచుకోవచ్చు. ఎక్కువైతే రేపనేది ఉండదు. ఈలోగా ఆ వ్యాసం మొత్తం ఇద్దరం చదువుదాం. ఎక్కడో ఒకచోట చెప్పే ఉంటారు."

భానుమూర్తికి ఆ మాటకి ఎదురు చెప్పాలనిపించలేదు. వాదనలో ఓడానో గెలిచానో కూడా అర్థం కాలేదు.

పొడిని నీళ్ళలో కలిపి చెంచాతో పోస్తే సత్యవతి మొహం చిట్లించి ఉమ్మేసింది. "చేదు ఉప్పమ్మా," అంది నీరసంగా. భానుమూర్తి రుచి చూసి తనూ మొహం చిట్లించాడు. పరుగున ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మ సౌభాగ్యలక్ష్మితో చెప్పాడు. ఆవిడ చిన్నరసాల రసం పిండి, పీచు తీసి, కొబ్బరినీళ్ళతో పలచన చేసి చెంబు నిండా ఇచ్చింది.

"వీటిలో కూడా పొటాషియం ఉంటుంది," అంది డాక్టరమ్మ, చెంబు అందుకుంటూ. "అది ఒక్కటే చాలదు గానీ, మంచి జోడీ."

చెంచా చెంచాగా పోస్తూ రెండో చేత్తో నాడి పట్టుకునే కూర్చుంది. ఈసారి సత్యవతి ఉమ్మలేదు.

*

మర్నాడు వ్యాసం చిట్టచివర, చీమ తలకాయలంత అక్షరాల్లో ఆ మాట దొరికింది. లెక్క పొటాషియానిదే, పొడిది కాదు.

భానుమూర్తి ఎగిరి గంతేస్తాడనుకుంది ఆమె. అతను వేలు ఆ వాక్యం మీద ఆనించి ఊరుకున్నాడు.

"ఏంటండీ, గెలిచినా ఉలుకూ పలుకూ లేదు?"

"దొరకకపోయుంటే, అది మీరనుకున్నదే అయ్యుంటే, నా మాట విని ఉంటే ఏమయ్యేదో అని..."

"నా లెక్కే పట్టుకుని కూర్చుంటే కూడా ఏమయ్యేదో తెలుసుగా?" అంది ఆమె మెత్తగా. "నాడి బావుంది. మూత్రం వస్తోంది. ఇవాళ్టి నుంచీ మీ లెక్క."

మోతాదు పెంచారు. మర్నాడు పొద్దెక్కాక, చిన్నయ్య విసనకర్ర పట్టుకుని కునుకు తీస్తున్నాడు. సత్యవతి ముక్కు మీద ఈగ వాలింది. డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, భానుమూర్తి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

సత్యవతి చెయ్యి మంచం మీదనుంచి లేచింది. వణికింది. సగం దారిలో ఆగింది. మళ్ళీ లేచింది. ఈగని తోలేసి, దబ్బున చిన్నయ్య నెత్తిన పడింది.

చిన్నయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఎవుర్రా అది?"

"నేనే," అంది సత్యవతి.

చిన్నయ్య ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకున్నాడు. ఆ తర్వాత అతను ఏడ్చిన ఏడుపుకి పక్క వార్డువాళ్ళు ఏం జరిగిందోనని పరిగెత్తుకొచ్చారు. డాక్టరమ్మ కాళ్ళ మీద పడబోతే ఆమె వెనక్కి జరిగి, "నాక్కాదు, మాస్టారికి," అంది. మాస్టారు వెనక్కి జరిగి, "నాక్కాదు, డాక్టరుగారికి," అన్నాడు.

"ఎవురో ఒకురు ఆగండయ్యా, దణ్ణం ఎట్టుకోవాలి!" అన్నాడు చిన్నయ్య ఏడుస్తూనే.

మిగతా ఇద్దరు ఆడవాళ్ళు సరోజకీ సీతమ్మకీ కూడా విడివిడిగా లెక్క కట్టారు. సీతమ్మ ముసలిది, మూత్రం తక్కువ. ఆమెకి చాలా మెల్లగా ఇచ్చారు. ఇద్దరూ కోలుకున్నారు. పెద్ద డాక్టరుగారు మళ్ళీ వచ్చి సత్యవతి మోకాలి మీద తనే సుత్తితో కొట్టి చూశారు. కాలు ఎగిరి ఆయన పంచెకి తగిలింది. "మంచిదమ్మా," అన్నారు ఆయన. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ జర్నల్ ఓసారి నాకు పంపించు," అన్నారు.

*

రోగులు ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆస్పత్రికి వెళ్ళడానికి భానుమూర్తికి కారణం లేకుండా పోయింది. ఒకసారి పంటినొప్పి అని వెళ్ళబోయి, అది ఆడవాళ్ళ ఆస్పత్రి అని గుర్తొచ్చి సగం దారిలో వెనక్కి వచ్చాడు.

"ఆ అమ్మాయిని భోజనానికి పిలవరా," అంది సౌభాగ్యలక్ష్మి.

"ఎందుకమ్మా?"

"నువ్వు రెండు రోజులుగా పప్పులో ఉప్పు లేదని కూడా చెప్పకుండా తింటున్నావు. అందుకు."

పిలవడానికి వెళ్ళేసరికి డాక్టరమ్మే జట్కా ఎక్కుతూ కనిపించింది. రెడ్డిగూడెం వెళ్ళి ఆడవాళ్ళని ఓసారి చూసొస్తానంది. "వస్తారా? ఈసారి సీసా లేదు మరి."

సీసా లేకుండానే ఎక్కాడు.

తోటలో సత్యవతి చెట్టు కింద కూర్చుని కాయలు ఏరుతోంది. గంప ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట వింటోంది, చిన్నయ్య ఎత్తుతున్నాడు. వీళ్ళని చూసి లేచి, ఎవరి సాయం లేకుండా నడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మాకు ఇయ్యడానికేం లేదమ్మా," అంది సత్యవతి. "పొద్దున్నే లెగిసి చేతులు రెండూ పైకెత్తి చూసుకుంటానండీ. అప్పుడు మీ ఇద్దరినీ తలుచుకుంటాను. రోజూ. అంతే."

డాక్టరమ్మ సత్యవతి చెయ్యి పట్టుకుంది.

తిరుగు దారిలో ఆకాశం నల్లబడింది. ముసునూరు వైపునుంచి చల్లటి గాలి వచ్చి తోటల్లో కాయల్ని రాల్చింది. మరుక్షణం వాన. జట్కా పైకప్పు ఒకవైపు కారుతోంది. ఇద్దరూ రెండో వైపుకి జరగక తప్పలేదు.

"మీకో మాట చెప్పాలి," అంది ఆమె. "థాంక్స్."

"పొడికా?"

"కాదు. ఇక్కడికి వచ్చాక నేనేం చెప్పినా రెండే జరిగేవి. నవ్వేవాళ్ళు, లేకపోతే చిత్తం అనేవాళ్ళు. మీరొక్కరే నాతో పోట్లాడారు. నా కాగితం చదివి మరీ పోట్లాడారు. నాకు అది ఎంత ధైర్యమో మీకు తెలీదు."

భానుమూర్తి మొహం మీద పడ్డ వాన నీళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే జన్మంతా పోట్లాడమంటారా?" అన్నాడు. అన్నాక తనే భయపడిపోయాడు. "అంటే... మీకిష్టమైతేనే. మీ నాన్నగారికి మా అమ్మ చేత రాయిస్తాను. మీరు ఉద్యోగం మానక్కర్లేదు. నేను... ప్రసూనగారూ, మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

ఆమె తడిసిన చెంగు కొసని వేళ్ళకి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

ముందు నుంచి సవరయ్య గొంతు వినిపించింది. "డాక్టరమ్మగారూ, గుర్రం కూడా చెవులు నిక్కబొడుచుకుని ఆగిపోయిందండీ. అవునో కాదో అనేస్తే కదుల్తది."

ప్రసూన పకపకా నవ్వింది. భానుమూర్తి ఆమె అలా నవ్వగా వినడం అదే మొదలు.

"పోనివ్వు సవరయ్యా," అంది. "మాస్టారి ఇంటికి పోనివ్వు. వాళ్ళమ్మగారితోనే చెప్తాను, అవునని."

నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడ్డ ఇద్దర్నీ సౌభాగ్యలక్ష్మి ఎగాదిగా చూసింది. కొడుకు మొహం చూసింది. అమ్మాయి మొహం చూసింది. లోపలికి వెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి, ముందు ఆ అమ్మాయి తల తుడవడం మొదలుపెట్టింది.

"చల్లగా ఉండు తల్లీ," అంది తుడుస్తూ. "ఒరేయ్, నువ్వు ఆ పంచె కొంగుతో తుడుచుకో. ఇంట్లో పొడి తువ్వాలు ఒకటే ఉంది."